అయిదు తువ్వాళ్ళ ప్రజాస్వామ్యం

పాలంకిపేట మునిసిపాలిటీలో అధికారమంతా ఒక్క మనిషి చేతిలోకి పోయిందని గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. శుద్ధ అబద్ధం. మా ఆఫీసులో అధికారం అయిదు కుర్చీల్లో ఉంది. అయిదు కుర్చీల మీదా అయిదు రకాల తువ్వాళ్ళున్నాయి. ఒక కుర్చీ వ్యవహారంలో ఇంకో కుర్చీ వేలు పెట్టడానికి వీల్లేదు. ఆ అయిదింటిలోనూ కూర్చునేది మా చైర్మన్ పోలిశెట్టి భీమశంకరం గారే అన్నది వేరే సంగతి. కౌన్సిల్ సమావేశాల్లో మినిట్స్ రాసే గుమస్తాని నేను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇదంతా రాత్రికి రాత్రి జరిగింది కాదు. మొదట కమిషనర్ గారికి బదిలీ అయింది. ఆయన ప్రతి ఫైలు మీదా 'నిబంధనలు పరిశీలించి తిరిగి సమర్పించండి' అని రాసేవారు. అలా రాసేవాళ్ళకి బదిలీలు తొందరగానే వస్తాయి. కొత్తాయన వచ్చేదాకా, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, ఆ పోస్టు పూర్తి అదనపు బాధ్యతలు చైర్మన్ గారికి అప్పగించారు. మన ఆఫీసుల్లో అదనపు బాధ్యత సంగతి తెలిసిందే కదా. వచ్చేటప్పుడు వారం రోజులకని వస్తుంది, తరవాత దాన్ని ఎవరూ కదపలేరు. కొత్త కమిషనర్ గారు ఇప్పటికీ దారిలోనే ఉన్నారు.

తరవాత ఆడిట్ అధికారి. చైర్మన్ గారి బంగళా ముందు పోసిన కంకర శ్మశానం రోడ్డు ఖాతాలో ఎందుకుందని ఆయన అడిగాడు. అలాంటి ప్రశ్న ఆరోగ్యంగా ఉన్న మనిషి అడగడని మేమంతా నిర్ధారించుకుని ఆయనకి దీర్ఘకాలిక సెలవు మంజూరు చేశాం. ఆడిట్ కూడా చైర్మన్ గారికే వచ్చింది. ఇళ్ళ మీదా స్థలాల మీదా అప్పీళ్ళు వినే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన మాత్రం నిజంగానే ముసలితనంతో పోయాడు, అందులో మా ప్రమేయం ఏమీ లేదు. అప్పీళ్ళు కూడా చైర్మన్ గారికే వచ్చాయి.

మిగిలింది ప్రతిపక్షం. మాకు నలుగురు ప్రతిపక్ష కౌన్సిలర్లుండేవారు. పట్టణాభివృద్ధికి ఆకర్షితులై నలుగురూ ఒకే ఆటోలో వచ్చి చైర్మన్ గారి పక్షంలో చేరిపోయారు. దాంతో చిక్కొచ్చి పడింది. నిబంధనల ప్రకారం ప్రతిపక్ష నాయకుడికి ఒక గది, ఒక కుర్చీ, ఒక ఫ్యాను ఉండాలి. మూడూ ఉన్నాయి, మనిషి లేడు. ఖాళీ గదిని చూసి భీమశంకరం గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ప్రతిపక్షం లేని ప్రజాస్వామ్యం ఎందుకయ్యా! నన్ను ప్రశ్నించేవోడు ఒకడుండాలా వద్దా?" అన్నారు.

ఉండాలన్నాం. ఆ బాధ్యత కూడా ఆయనే తీసుకున్నారు.

జిల్లా నుంచి ఎవరో తెలివితక్కువ అధికారి, చైర్మన్ తన నిర్ణయం మీద తనే అప్పీలు వినడం న్యాయమేనా అని వివరణ కోరాడు. మా మునిసిపల్ ప్లీడరు ఓరుగంటి పంచాక్షరి గారు చదువుకున్నవాడు. ఒక పూట ఆలోచించి అభిప్రాయం ఇచ్చాడు.

"వ్యక్తి ఒక్కరే. కాదనను. కానీ హోదాలు వేరు. హోదా ఎక్కడుంటుంది? కుర్చీలో ఉంటుంది. కుర్చీకీ కుర్చీకీ భేదం ఎట్లా తెలుస్తుంది? తువ్వాలు వల్ల తెలుస్తుంది. కాబట్టి తువ్వాలు మారిన క్షణంలో సదరు వ్యక్తి చట్టరీత్యా మరొక వ్యక్తి అగును."

అప్పటి నుంచే తువ్వాళ్ళు. చైర్మన్ కుర్చీకి తెల్లటి టర్కీ తువ్వాలు. కమిషనర్ కుర్చీకి గోధుమరంగుది. ఆడిట్‌కి ఊదారంగుది. అప్పీళ్ళ కుర్చీకి న్యాయస్థానపు గాంభీర్యం ఉండాలని నల్లది. ప్రతిపక్షానికి పేదల పక్షపాతం కనబడాలని గళ్ళ తువ్వాలు. ఒక కుర్చీలో విన్నమాట ఇంకో కుర్చీలో గుర్తుండకూడదన్నది నియమం. ఫైలు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి వెళ్ళాలంటే అటెండరు ఏసుపాదం తీసుకెళ్ళి, ముద్ర వేయించి, ఈలోగా అటువైపు వెళ్ళి కూర్చున్న భీమశంకరం గారికి అందించాలి. ఆయన దాన్ని ఎన్నడూ చూడనట్టు తెరిచి, "ఏంటిది?" అనేవారు. నటన కాదండీ. నిజంగానే అడిగేవారు. ఆ మనిషి నిజాయితీని నేనెప్పుడూ శంకించలేదు. అదే ఆయనతో వచ్చిన తంటా.

ఇక కౌన్సిలర్లు ఇరవై ఏడుగురు. వీళ్ళది ఏకాభిప్రాయ పద్ధతి. చైర్మన్ గారు చెయ్యెత్తితే చెయ్యెత్తాలి, దించితే దించాలి. మొదట్లో అజెండా చదివేవారు, తరవాత చదవడం మానేసి చెయ్యి చూడడం మొదలుపెట్టారు, దాంతో రెండు రోజుల సమావేశం కాఫీ చల్లారేలోపు అయిపోయేది. వెనక వరసలో కునికేవాళ్ళు కూడా కళ్ళు మూసుకునే చెయ్యెత్తేంతగా సాధన చేశారు.

అయినా మా సభలో చర్చ ఉండేది కాదనడానికి లేదు. ప్రతిపక్షం గట్టిగానే ఉండేది. భీమశంకరం గారు గళ్ళ తువ్వాలు కుర్చీలో కూర్చున్నారంటే మనిషే మారిపోయేవారు. "వీధి దీపాలన్నీ తన బంగళా చుట్టూ పాతుకున్న ఈ చైర్మన్‌కి సిగ్గుందా అధ్యక్షా?" అని బల్ల గుద్దేవారు. ఊళ్ళో ఇంకెవరూ అనలేని మాటలన్నీ ఆయనే అనేవారు, ఒకటి కూడా అబద్ధం ఉండేది కాదు. ఏంచేతంటే ఆయనకన్నా ఆ లోగుట్లు తెలిసినవాళ్ళెవరు? తరవాత లేచి, చెమట తుడుచుకుని, తెల్ల తువ్వాలు కుర్చీలోకి వెళ్ళి, "గౌరవ ప్రతిపక్ష నాయకుల నిర్మాణాత్మక విమర్శకి ధన్యవాదాలు" అని చెయ్యెత్తేవారు. ఇరవై ఏడు చేతులు లేచేవి. మర్నాడు పేపర్లో 'పాలంకిపేట కౌన్సిల్‌లో వాడివేడి చర్చ' అని పడేది.

ఇలా సుఖంగా సాగిపోతుండగా వీరవేణి వచ్చింది.

వీరవేణికి మార్కెట్ వీధి చివర పిండిమర ఉంది. మొగుడు పోయాక ఆవిడే నడుపుకుంటోంది. బియ్యం పిండి, సెనగపిండి, పసుపు, కారం, ఏదైనా ఆడిస్తుంది. ఆవిడ మర ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మర చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ అలా అయిపోయింది. ఒకరోజు ఆవిడకి నోటీసు అంటించారు. ఊరి నడిబొడ్డు నుంచి వేస్తున్న 'భీమశంకర మహామార్గం' నిమిత్తం సదరు మరను ప్రజాహితం దృష్ట్యా తొలగించడమైనది అని అందులో ఉంది. ఇంకా తొలగించలేదు, అయినా 'తొలగించడమైనది' అనే రాస్తాం. మా భాష అంతే.

ఆ రోడ్డు నిజానికి తిన్నగా పోవాలి. తిన్నగా పోతే చైర్మన్ గారి బావమరిది ఫంక్షన్ హాలుకి తగులుతుంది. అందుకని రోడ్డు అక్కడ వినయంగా వంగి, వీరవేణి మర మీదుగా తిరిగి, మళ్ళీ తిన్నగా పోతుంది.

ఆవిడ నోటీసు పుచ్చుకుని తెల్ల తువ్వాలు ముందుకొచ్చి నిలబడింది.

"ఏవండీ చైర్మన్ గారూ! రోడ్డుకి వంకరొస్తే రోడ్డు సరిచేసుకోవాలిగానీ నా మర కొట్టేత్తారేటండీ?"

"అమ్మా, నేను విధాన నిర్ణయాలే చేస్తాను. అమలు కమిషనర్ గారిది. ఆయన్ని కలవండి" అన్నారు భీమశంకరం గారు.

"ఆయనెక్కడుంటారండి?"

"పక్క గదిలో. రెండు నిమిషాలాగి వెళ్ళండి, ఇప్పుడే వస్తారు."

రెండు నిమిషాలాగి వెళ్ళింది. గోధుమరంగు తువ్వాలు మీద భీమశంకరం గారు తలెత్తి, "ఎవరమ్మా మీరు?" అన్నారు.

వీరవేణి నోరెళ్ళబెట్టింది. "ఇప్పుడే గదండీ అక్కడ మాటాడేను!"

"అక్కడ మాట్లాడింది చైర్మన్ గారితో. మీ బాధ నాకర్థమైందమ్మా. కానీ చైర్మన్ గారి తీర్మానం. నేను చిన్న ఉద్యోగిని. నా చేతులు కట్టేశారు" అని గొంతు తగ్గించి, "ఆయన సంగతి మీకు తెలుసుగా, ఎవరి మాటా వినడు" అన్నారు.

అప్పీళ్ళ గదికి పంపారు. నల్ల తువ్వాలు మీద భీమశంకరం గారు కళ్ళద్దాలు పెట్టుకుని కేసంతా ఓపిగ్గా విన్నారు. మధ్యలో రెండుసార్లు 'అయ్యో' అన్నారు. "ఉభయ పక్షాల వాదనలూ విన్న మీదట" అని తీర్పు మొదలుపెట్టారు. రెండో పక్షం ఎక్కడుందని వీరవేణి అటూ ఇటూ చూసింది. కింది అధికారి నిర్ణయంలో లోపమేమీ కనబడనందున అప్పీలు కొట్టివేయడమైనదని తేల్చారు. లేచి వెళ్ళిపోతుంటే ఆగి, "అన్యాయమేననుకో. ప్రతిపక్ష నాయకుణ్ణి కలువు. ఆయన పేదల మనిషి" అన్నారు.

ఆ మాట చెప్పి ఆయన గబగబా ముందుకెళ్ళారు, ఆవిడ వచ్చేసరికి ఆ గదిలో ఉండాలి కదా.

గళ్ళ తువ్వాలు మీద ఆయన ఆవిడ చెప్పింది విని ఊగిపోయారు. "ఎంత దారుణం! ఒక ఆడకూతురి పొట్ట కొడతాడా! వాణ్ణి వదల్ను తల్లీ. రేపు పొద్దున్నించే ఆమరణ నిరాహారదీక్ష!"

మర్నాడు మునిసిపల్ ఆఫీసు ముందు టెంటు వేశారు. వేసింది మునిసిపాలిటీ టెంటే. భీమశంకరం గారు మెడలో దండేసుకుని, గళ్ళ తువ్వాలు భుజాన వేసుకుని పడుకున్నారు. జనం వచ్చారు. మైకులో చైర్మన్‌ని ఆయన తిట్టిన తిట్లు మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వీరవేణి పక్కన కూర్చుంది. ఆవిడకి కొంచెం ఆశ కలిగిందని ఆ మొహం చూస్తే తెలిసింది. నాకైతే జాలేసింది.

భోజనాల వేళకి చైర్మన్ గారు దీక్ష విరమింపజేయడానికి రావలసి వచ్చింది. భీమశంకరం గారు లేచి, ఆఫీసులోకి వెళ్ళి, తెల్ల తువ్వాలు భుజాన వేసుకుని, నిమ్మరసం గ్లాసుతో బయటికొచ్చారు. "ప్రతిపక్ష నాయకుల ఆరోగ్యం నాకు ముఖ్యం. వారి డిమాండ్లు సానుభూతితో పరిశీలిస్తాం" అని మైకులో చెప్పారు. గ్లాసు నా చేతికిచ్చి, తువ్వాలు మార్చుకుని, పడుకుని, గ్లాసు పుచ్చుకుని తాగారు. జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

వీరవేణి మాత్రం కొట్టలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, దగ్గరికొచ్చింది.

"బాబూ, ఈ దీక్షలూ గీక్షలూ ఎందుకండీ, ఆరోగ్యం పాడవ్వుద్ది. మీకు నిజంగా నామీద జాలుంటే ఆ చైర్మన్ మీద అవిశ్వాసం పెట్టండి. పెట్టగలరా?"

జనం ముందు అడిగింది. మైకు ఇంకా ఆడుతూనే ఉంది. భీమశంకరం గారికి గళ్ళ తువ్వాలు మీద ఉండగా వెనక్కి తగ్గడం రాదు. "పెడతాను!" అని గర్జించారు. తెల్ల తువ్వాలు మీదకి వెళ్ళాక కంగారుపడ్డారుగానీ, పంచాక్షరి గారు ధైర్యం చెప్పాడు. "పెట్టనివ్వండి. ఇరవై ఏడుగురూ మీవాళ్ళే. అవిశ్వాసం చిత్తుగా ఓడిపోతుంది. మీ ప్రతిష్ఠ రెట్టింపు అవుతుంది."

ఎవరి మీద ఎవరు గెలుస్తారో ఇద్దరూ లెక్క వేసుకున్నారు. చేతుల సంగతి ఇద్దరికీ తట్టలేదు. నాకు మాత్రం తట్టింది. నన్నెవరూ అడగలేదు.

అవిశ్వాసం రోజున హాలు కిటకిటలాడింది. వీరవేణి సందర్శకుల మొదటి బల్ల మీద కూర్చుంది. భీమశంకరం గారు గళ్ళ తువ్వాలు కుర్చీలోంచి మాట్లాడితే, ఆహా, ఏం మాట్లాడారండీ! కంకర దగ్గర మొదలుపెట్టి రోడ్డు వంకర దాకా ఒక్కటి వదల్లేదు. రాయడానికి నా చెయ్యి అందుకోలేకపోయింది. చివర నేను లేచి, "తీర్మానానికి అనుకూలురు చేతులెత్తవలసిందిగా కోరుతున్నాను" అని చదివాను.

తీర్మానం పెట్టిన మనిషి కనక భీమశంకరం గారు చెయ్యెత్తారు.

ఇరవై ఏడు చేతులు లేచాయి.

ఎవరి తప్పూ లేదు. ఏళ్ళ తరబడి వాళ్ళు చూస్తున్నది ఆ చెయ్యినే. అది ఏ తువ్వాలు మీంచి లేచిందో చూడమని వాళ్ళకెవరూ చెప్పలేదు. భీమశంకరం గారు ఆ చేతుల వంక గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయారు. భయంతో తన చెయ్యి దించడం కూడా మరిచిపోయారు, అందువల్ల వాళ్ళూ దించలేదు. నేను లెక్కపెట్టి, అవిశ్వాసం ఏకగ్రీవంగా ఆమోదించడమైనదని ప్రకటించాను. అలా ప్రకటించడానికే నాకు జీతమిస్తున్నారు.

 తెల్ల తువ్వాలు కుర్చీ ఖాళీగా ఉంది. భీమశంకరం గారు గళ్ళ తువ్వాల్లో మొహం దాచుకున్నారు. నిబంధనల పుస్తకం తీసి, ఇప్పుడు సభ్యుల్లో ఎవరైనా లేచి ఏ తీర్మానమైనా ప్రతిపాదించవచ్చునని చదివాను. ఎవరూ కదల్లేదు.

వీరవేణి లేచి నిలబడింది. వాళ్ళ వార్డు కౌన్సిలర్ కేశనకుర్తి గవర్రాజు. ఆయన ఇంట్లో పిండంతా ఆవిడ మరలో ఆడిందే.

"గవర్రాజు గారూ, ఓట్లప్పుడు మా ఇంటికొచ్చి అక్కా అన్నారు, గుర్తుందాండీ? ఇప్పుడు మిమ్మల్ని ఆపేవోళ్ళు ఎవురూ లేరు. లేచి, ఆ మర జోలికెల్లొద్దని ఒక్క ముక్క సెప్పండి. సాలు."

గవర్రాజు సగం లేచాడు. ఆ సగంలో నేను కలం మూత తీశాను, ఒప్పుకుంటాను. ఆయన ఖాళీ కుర్చీ వంక చూశాడు. గళ్ళ తువ్వాలు వంక చూశాడు. మిగతా ఇరవై ఆరుగురూ ఆయన చెయ్యి వంక చూస్తున్నారు. ఎత్తితే అన్నీ లేచేవి. ఆయన చేతిని మరో చేత్తో పట్టుకుని, "తొందరపడకూడదక్కా, దేనికైనా ఓ పద్ధతుంటది" అని కూర్చున్నాడు.

ఆ పద్ధతేమిటో తరవాత తెలిసింది. అందరూ కలిసి గళ్ళ తువ్వాలు దగ్గరికి వెళ్ళి, "చైర్మన్‌గా ఎవర్ని పెట్టుకోమంటారండీ?" అని అడిగారు. ఆయన తువ్వాల్లోంచి మొహం తీసి, ముక్కు తుడుచుకుని, "నేనైతే ఎలా ఉంటుందంటారు?" అన్నారు. హాలు దద్దరిల్లింది.

కొత్త చైర్మన్ భీమశంకరం గారు ప్రమాణం చేసి, పాత చైర్మన్ దుష్పరిపాలనని కడిగేస్తానని ప్రకటించారు. కొత్తగా వచ్చినవాళ్ళు పాతవాళ్ళ పేర్లు చెరిపెయ్యడం ఆనవాయితీ కాబట్టి, భీమశంకర మహామార్గం పేరు రద్దు చేసి 'నవ భీమశంకర మహామార్గం' అని పెట్టారు. మర నోటీసు మాత్రం కమిషనర్ గారిది. ఆ కుర్చీ మీద అవిశ్వాసం ఎవరూ పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మర కూలగొట్టారు. గోడలు, రేకులు, గుమ్మం అన్నీ పోయాయి. మిషను ఒక్కటి ఇనుప ముద్దలాగా మిగిలింది. వీరవేణి ఏడవలేదు. మిషను మీద పడిన దుమ్ము కొంగుతో తుడుస్తూ నిలబడింది. చూడలేక నేను పక్కకి తిరిగాను.

అప్పుడు కార్లు వచ్చాయి. ప్రతిపక్ష నాయకుడు పరామర్శకి వచ్చారు. కౌన్సిలర్లందరూ వెంట ఉన్నారు, కెమెరాలున్నాయి. భీమశంకరం గారు రాళ్ళ మీద కూర్చుని, గళ్ళ తువ్వాలు కళ్ళకద్దుకుని భోరుమన్నారు. నిజం ఏడుపే. ఏడుపు పొంగులో ఆయనకి మాట కూడా పొంగింది.

"తల్లీ! ఆ దుర్మార్గుడు నీ గూడు కూల్చాడు. నీకు మళ్ళీ మర కట్టేదాకా నా గదే నీ గది! నా కరెంటే నీ కరెంటు!" అని చెయ్యి ఆకాశానికెత్తారు.

ఇరవై ఏడు చేతులు లేచాయి. మినిట్స్ పుస్తకం ఎప్పుడూ నా చంకలోనే ఉంటుంది.

వీరవేణి కొంగు వదిలేసి నా వంక చూసింది. "రాసేరాండీ?"

"ఏకగ్రీవంగా" అన్నాను.

మధ్యాహ్నానికల్లా ట్రాక్టరు మీద మిషను మునిసిపల్ ఆఫీసుకొచ్చింది. ప్రతిపక్ష నాయకుడి గది కౌన్సిల్ హాలుని ఆనుకునే ఉంటుంది, రెంటికీ మధ్య ఒక కిటికీ ఉంది, దాని తలుపు ఊడిపోయి చాలాకాలమైంది. వీరవేణి గచ్చు తవ్వించి, సిమెంటు పోయించి, మిషను బిగించి, బెల్టు తగిలించింది. ఊళ్ళోవాళ్ళు డబ్బాలు, సంచులు పట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వరసకట్టారు. మా ఆఫీసుకి జనం సంతోషంగా రావడం అదే మొదలు.

తరవాతి కౌన్సిల్ సమావేశంలో మొదటి అంశం, బస్టాండు మరుగుదొడ్లు బావమరిదికి లీజుకివ్వడం. భీమశంకరం గారు తెల్ల తువ్వాలు మీద కూర్చుని కలం తీశారు. సరిగ్గా అప్పుడు పక్కగదిలో వీరవేణి ఎండుమిరపకాయలు మరలో పోసింది. కిటికీలోంచి ఘాటు వచ్చింది. వెనక వరసలో కునుకుతున్న కౌన్సిలర్ ఒకాయన తుమ్మాడు.

చైర్మన్ గారు కలం కింద పెట్టేశారు. ఆయనకి ఆడిట్ అంటే భయం లేదు, కోర్టంటే భయం లేదు, జనమంటే అసలే లేదు. పని మొదలెట్టేటప్పుడు తుమ్ము వినబడితే మాత్రం చెయ్యి ఆడదు. కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ కలం తీశారు. ఈసారి ముగ్గురు తుమ్మారు. ఎవరి చెయ్యీ చూడకుండా, ఎవర్నీ అడక్కుండా, ఎవరి ముక్కుతో వాళ్ళే తుమ్మారు. చివరికి భీమశంకరం గారే తుమ్మారు. లీజు వాయిదా పడింది. మా మునిసిపాలిటీలో ఒక తీర్మానం ఆగడం నా సర్వీసులో నేను చూసిన మొదటిసారి.

మర తీయించమని పంచాక్షరి గారి మీద ఎగిరారు. పంచాక్షరి తల పట్టుకున్నాడు. "ప్రతిపక్షం గది చైర్మన్ పరిధిలోకి రాదండీ. కమిషనర్ పరిధిలోకీ రాదు. హోదాలు వేరని నేనే రాసిచ్చాను. ప్రతిపక్ష నాయకుడు స్వయంగా తన కుర్చీలో కూర్చుని ఉత్తర్వు ఇవ్వాలి."

భీమశంకరం గారు వెళ్ళారు. గళ్ళ తువ్వాలు ఎర్రగా అయిపోయి ఉంది. దులిపి కూర్చుని, కాగితం తీసి, 'సదరు మరను' అన్నంతవరకు రాశారు.

"కారం కొంచెం మిగిలుందండి, ఆడించేస్తాను" అంది వీరవేణి.

ఆ ఉత్తర్వు ఇప్పటికీ 'సదరు మరను' దగ్గరే ఆగి ఉంది.

మొన్నామధ్య, సోమవారం సంత జరిగే మైదానాన్ని బావమరిదికి ధారాదత్తం చేసే అంశం అజెండాలోకి వచ్చింది. ఆ మైదానం పోతే ఊళ్ళో సగంమంది చిన్న వ్యాపారులు రోడ్డున పడతారు. సమావేశం రోజు పొద్దున్న నేను ఆఫీసుకి పెందలాడే వెళ్ళేసరికి మర ముందు గవర్రాజు నిలబడి ఉన్నాడు, చేతిలో సంచి. తొడిమలు తీసిన మిరపకాయలు.

"అక్కా, ఆ మైదానం అంశం పదకొండున్నరకొస్తది. అప్పుడాడించు. కాస్త మెత్తగా ఆడించు, గాల్లోకి లేవాలి" అన్నాడు రహస్యంగా.

వీరవేణి సంచి పుచ్చుకుని ఆయన భుజం మీదుగా వెనక్కి చూసింది. వెనక కౌన్సిలర్లు ఒకళ్ళ వెనక ఒకళ్ళు వరసకట్టారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. అందరి చేతుల్లోనూ సంచులున్నాయి.

"ఒక్క చెయ్యి లేపలేరుగానీ, మిరపకాయలు మాత్రం బాగానే మోత్తారండీ" అంది.

అందరూ సంచులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. నేనూ నా సంచి మార్చుకున్నాను. వరసలో నా ముందు ఇంకా ఆరుగురున్నారు.